కోప్టిక్ నేత ముక్కను ముందు బట్టగా చూడాలి, ఆ తరువాతే బొమ్మగా

పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో కోప్టిక్ నేతలను, అంటే ఈజిప్టు సమాధుల్లో దొరికిన పాత బట్టలను, చూసి వచ్చాక మీరు అడిగినవి కుదించి చెబితే నాలుగు ప్రశ్నలు. ఆ బొమ్మలు కుట్టినవా, నేసినవా? దాదాపు అన్నీ చిన్న చిన్న ముక్కలుగానే ఎందుకు ఉన్నాయి? ఈజిప్టు క్రైస్తవుల కళ అంటూనే వాటి నిండా గ్రీకు దేవతలు, నాట్యగత్తెలు, కుందేళ్లు ఎందుకు కనిపిస్తారు? ఆన్‌లైన్ వేలంలో అద్దం బిగించి అమ్ముతున్న ఒక ముక్కను కొనవచ్చా? నేను చాలా ఏళ్లు చేనేత సాంకేతిక పాఠాలు చెప్పినవాణ్ణి, చరిత్రకారుణ్ణి కాను. అందువల్ల నా సమాధానం మగ్గం దగ్గర మొదలవుతుంది. మీ నాలుగు ప్రశ్నలకూ దారి అక్కడి నుంచే ఉందని నా నమ్మకం.

అవి నేసినవే. కుట్టుపనిలో ముందుగా ఒక బట్ట ఉంటుంది, దాని మీద సూది నడుస్తుంది, కుట్టు విప్పేస్తే కింద బట్ట మిగులుతుంది. మన ఉప్పాడ జాందానీలో బొమ్మ నేతలోనే పడుతుంది కానీ, అక్కడ కూడా నేల పేక (బొమ్మ కింది బట్టను నేసే అడ్డపోగు) ఈ అంచు నుంచి ఆ అంచుకు ఆగకుండా నడుస్తూనే ఉంటుంది, బుటా పోగు దానికి అదనంగా చేరుతుంది. బుటా పోగులన్నీ లాగేసినా చీర చీరగానే ఉంటుంది. కోప్టిక్ నేతలో ఎక్కువగా కనిపించే టాపెస్ట్రీ పద్ధతి అలాంటిది కాదు. బొమ్మ ఉన్నంత మేర నేల పేక అసలు ఉండదు, రంగు ఉన్ని పేకే అక్కడి బట్ట. పసుపు రంగు ఎంతవరకు కావాలో పసుపు పోగు అంతవరకే వెళ్లి వెనక్కి తిరుగుతుంది, దాని పక్కన ఎరుపు తన గడి వరకు వెళ్లి తిరుగుతుంది. ఉన్నిని పురుగు కొట్టేసిన ముక్కలను చూస్తే ఈ సంగతి వెంటనే తెలిసిపోతుంది. ఒకప్పుడు ముఖమో పువ్వో ఉన్న చోట ఇప్పుడు ఒట్టి లినెన్ (అవిసె నార) పడుగు పోగులు, అంటే మగ్గం మీద ముందే బిగించిన పోగులు, వీణ తీగల్లా బారుగా మిగిలి ఉంటాయి. మన ప్రాంతంలో దీనికి దగ్గరి చుట్టం వెతకాలంటే చీరల్లో కాదు, వరంగల్ కొత్తవాడ జంఖానాల్లో వెతకాలి. పడుగు ఎక్కడా కనబడకుండా పేకను కొట్టి కప్పేయడం, ఒక్కో రంగును దాని హద్దులోనే తిప్పడం రెండింటికీ సమానం. తేడా నాణ్యంలో ఉంది. జంఖానా పరుచుకునేది, కోప్టిక్ నేతలో అధిక భాగం ఒంటి మీద వేసుకునేది.

ఒంటి మీద వేసుకునేది కాబట్టే ఒక చిక్కు వచ్చింది. అంగీ నేల పలుచని లినెన్ బట్ట. అది సరిగా రావాలంటే పడుగు పోగులు దగ్గర దగ్గరగా ఉండాలి. అదే పడుగు మీద బొమ్మ వచ్చే చోట ఉన్ని పేక పడుగును పూర్తిగా మూసేయాలంటే పోగుల నడుమ ఖాళీ ఉండాలి. ఒకే మగ్గం, ఒకే పడుగు, ఒకదానికొకటి పొసగని రెండు అవసరాలు. ఆ నేతగాళ్లు కనిపెట్టిన ఉపాయం చాలా సరళమైనది. బొమ్మ మొదలయ్యే వరస దగ్గర పడుగు పోగులను రెండేసి, మూడేసి కలిపి ఒక్కో పోగుగా పట్టుకునేవారు, కొన్నిసార్లు కొన్ని పోగులను నేతలో కలపకుండా వెనక్కి వదిలేసేవారు. బొమ్మ పూర్తయ్యాక మళ్లీ పోగులను విడదీసి నేల నేత కొనసాగించేవారు. ఇది ఎంత అవసరమో నేను ఒక చిన్న నమూనా నేసినప్పుడు గానీ నాకు బోధపడలేదు. పోగులు జత చేయకుండా మొండిగా ఉన్ని పేక కొట్టుకుంటూ పోతే, నాలుగు వేళ్ల వెడల్పు నేసేసరికి ఆ భాగం అప్పడంలా ఉబ్బి నేలను రెండు పక్కలకీ తోసేసింది. పోగులు జత చేసి మళ్లీ మొదలుపెడితే బొమ్మ నేలతో సమానంగా కూర్చుంది. మంచి ఫోటోలో బొమ్మ అంచును పెద్దది చేసి చూడండి, సన్నని పోగులు ఒక చోట కట్టలుగా కూడి మరో చోట విడిపోవడం మీకే కనిపిస్తుంది.

ఇంకో పనితనం గురించి చెప్పకుండా ఉండలేను. ముదురు ఊదా రంగు చతురస్రం మీద వెంట్రుకంత తెల్లని గీతలతో అల్లుకున్న ముడుల ముగ్గు కనిపించే ముక్కలు మీరు తప్పక చూసి ఉంటారు. ఆ గీతలే అందరికీ కుట్టుపని అన్న అనుమానం కలిగిస్తాయి. అవి కూడా మగ్గం మీదే పడ్డాయి. ఊదా పేకను కొడుతూ ఉండగానే నేతగాడు ఒక సన్నని లినెన్ పోగును విడిగా ఉంచుకుని, అప్పటికే నేసిన వరసల మీదుగా ఏటవాలుగానో నిలువుగానో దాటించి, కావలసిన పడుగు పోగుకు చుట్టి ముందుకు తీసుకుపోతాడు. వస్త్ర నిపుణులు దీన్ని ఎగిరే నాడె (ఫ్లైయింగ్ షటిల్) పద్ధతి అంటారు. 18వ శతాబ్దపు ఇంగ్లండులో జాన్ కే కనిపెట్టిన తాడు లాగే నాడెకూ దీనికీ సంబంధం లేదు, పేరు మాత్రమే కలిసింది. పోగు నేతకు లోబడకుండా గాలిలో దూకినట్టు పోతుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. కలంతో గీసినంత స్వేచ్ఛ మగ్గం మీద సాధించడం అంటే ఏమిటో నేతపని తెలిసినవారికే అర్థమవుతుంది. నా దృష్టిలో కోప్టిక్ నేతలో అత్యుత్తమమైనవి రంగురంగుల దేవతలు కాదు, ఈ రెండు రంగుల ముడుల ముగ్గులే.

ఇక మీ రెండో ప్రశ్న. ఆ ముక్కలు ముక్కలుగా పుట్టలేదు. రోమన్ పాలన చివరి శతాబ్దాల ఈజిప్టులో ఆడ, మగ, పిల్లలు అందరూ వేసుకున్నది ఒక వదులైన అంగీ. దాని మీద రెండు భుజాల నుంచి ముందుకూ వెనక్కూ దిగే నిలువు పట్టీలు, భుజాల మీదా మోకాళ్ల దగ్గరా గుండ్రని లేదా చదరపు బిళ్లలు, చేతుల చివర జంట పట్టీలు ఉండేవి. ఈ అంగీని బట్ట కత్తిరించి కుట్టేవారు కాదు, మగ్గం మీదే దాని ఆకారంలో నేసేవారు. ఒక చేతి అంచు దగ్గర నేత మొదలై, ఒళ్లు భాగం వచ్చినప్పుడు వెడల్పు అయి, మధ్యలో మెడ కోసం ఒక చీలిక వదిలి, రెండో చేతి అంచు దగ్గర ముగిసేది. దించిన బట్ట పరిస్తే శిలువ ఆకారంలో ఉంటుంది. భుజాల మీద మడిచి పక్కలు కుడితే అంగీ సిద్ధం. ఇందుకు రెండున్నర మీటర్లకు పైబడిన వెడల్పు మగ్గం కావాలి. సుమారు 6, 7 శతాబ్దాల నుంచి పై భాగం ఒకటి, కింది భాగాలు రెండు విడివిడిగా నేసి నడుము దగ్గర కలిపే పద్ధతి వ్యాపించింది. ఇరుకు మగ్గం చాలు కనుక అలా మారి ఉంటుందని నాకు అనిపిస్తుంది.

ఇక్కడే మీకు ఉపయోగపడే గుర్తు ఒకటి ఉంది. చేతి నుంచి చేతికి నేసిన అంగీని తొడుక్కున్నప్పుడు పడుగు అడ్డంగా, పేక నిలువుగా ఉంటుంది. అంటే భుజం నుంచి దిగే పట్టీలో నిలబడి ఉన్న నాట్యగత్తెను నేతగాడు పక్కకు పడుకోబెట్టి నేశాడన్న మాట. టాపెస్ట్రీలో పడుగు పోగుల వెంట సన్నని గాడులు కనిపిస్తాయి కదా, అలాంటి పట్టీలోని మనిషి ఒంటి మీద ఆ గాడులు అడ్డంగా పోతూ ఉంటాయి. పెద్ద కళ్లు, వంగిన ముక్కు, కోణాలుగా విరిగిన మోచేతులు చూసి కొందరు పాత పండితులు ఇది చేతకాని పనివాళ్ల కళ అని తేల్చేశారు. ఆ కోణాల్లో కొంత మగ్గం పెట్టిన షరతు. రెండు రంగులు పడుగు దిశలో పక్కపక్కన కలిసే చోట సన్నని చీలిక పడుతుంది. ఆ చీలిక పొడవుగా ఉంటే బట్ట బలహీనమవుతుంది కనుక నేతగాడు గీతను మెట్లు మెట్లుగా విరుస్తాడు. నిటారుగా నిలబెట్టి గీసుకునే చిత్రకారుడికి ఆ బాధ లేదు.

ఇంత బట్ట మనదాకా ఎలా మిగిలిందంటే, పొడి ఇసుక వల్ల. ప్రాచీన ఈజిప్షియన్లు శవాలను ఉన్నితో పూడ్చరని గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాశాడు, ఫారోల కాలపు సమాధుల్లో లినెన్‌దే రాజ్యం. క్రైస్తవం వ్యాపించిన తరువాత మమ్మీలు చేయడం క్రమంగా తగ్గి, చనిపోయినవారిని నిత్యం తొడుక్కునే అంగీలతోనే, మీద దుప్పట్లూ ఇంటి తెరలూ చుట్టి, నైలు వరద చేరని ఎత్తైన ఇసుక నేలలో పాతిపెట్టడం మొదలైంది. పదిహేను వందల ఏళ్ల తరువాత 1880లలో ఎగువ ఈజిప్టులోని అఖ్మీమ్ దగ్గరి శ్మశానాలు బయటపడ్డాయి. వియన్నా వ్యాపారి థియోడోర్ గ్రాఫ్ కొని తెచ్చిన బట్టలను వియన్నాలోని కళా పరిశ్రమల మ్యూజియంలో పనిచేసిన అలాయ్స్ రీగ్ల్ 1889లో జాబితాగా ప్రచురించాడు. 1896 నుంచి ఫ్రెంచి పురావస్తు పరిశోధకుడు ఆల్బేర్ గాయే, సేకరణకర్త ఎమీల్ గిమే డబ్బు సహాయంతో, ఈజిప్టులోని ఆంటినోయ్ పట్టణ శ్మశానాలను తవ్వించాడు. హేడ్రియన్ చక్రవర్తి క్రీ.శ. 130లో కట్టించిన ఊరు అది. మీరు లూవ్ర్‌లో చూసినవాటిలో ప్రసిద్ధమైనవి కొన్ని అక్కడివే.

ఆ తవ్వకాల్లోనే నష్టం జరిగిపోయింది. వ్యాపారికీ, సేకరించేవారికీ కావలసింది బొమ్మ, బట్ట కాదు. శవం కుళ్లి గోధుమ రంగు మరకలు పట్టిన లినెన్ నేలను వదిలేసి పట్టీలనూ బిళ్లలనూ కత్తెరతో కోసుకున్నారు. ఒకే అంగీ ముక్కలు వేర్వేరు దేశాలకు చేరాయి. ఎవరి ఒంటి మీద, ఏ సమాధిలో, ఏ వస్తువుల నడుమ దొరికిందో రాసిపెట్టినవారు తక్కువ. జంటగా పుట్టిన బిళ్లలు కూడా విడిపోయాయి. అఖ్మీమ్‌వే అని చెప్పే 4వ శతాబ్దపు రెండు అపురూపమైన గుండ్రని బిళ్లల్లో భూదేవి గే ఉన్నది సెయింట్ పీటర్స్‌బర్గ్ హెర్మిటేజ్‌లో ఉంది, నైలు నది దేవుడున్నది మాస్కో పుష్కిన్ మ్యూజియంలో ఉంది. చీర కొనగానే కొంగు కోసి గోడకు తగిలించి మిగతాది పారేస్తే ఎలా ఉంటుందో ఊహించండి, మ్యూజియం గోడల మీద మీరు చూసినవి చాలావరకు ఆ కొంగులే. సమాధి వివరాలు పోవడంతో కాలనిర్ణయం కూడా శైలి చూసి చేసిన అంచనాగా మిగిలిపోయింది. ఇటీవలి దశాబ్దాల్లో వయసు తేల్చే కార్బన్-14 పరీక్షలు వచ్చాక, పూర్వం 4, 5 శతాబ్దాలవని చెప్పిన కొన్ని ముక్కలు నిజానికి అరబ్బుల పాలన వచ్చిన తరువాతవని తేలింది. కాబట్టి పాత కేటలాగుల్లోని తేదీలను మెత్తగా పట్టుకోండి.

మూడో ప్రశ్నకు జవాబు చాలావరకు పేరులోనే ఉంది. కోప్ట్ అన్న మాట గ్రీకులో ఈజిప్టును పిలిచే పేరు నుంచి అరబ్బీ ద్వారా వచ్చినది, మొదట దాని అర్థం ఈజిప్టువాసి అనే. తరువాత అది అక్కడి క్రైస్తవులకు స్థిరపడింది. 3వ శతాబ్దం నుంచి 12వ శతాబ్దం దాకా సాగిన నేతకంతటికీ ఈ ఒక్క ముద్ర వేయడం సౌకర్యమే తప్ప సత్యం కాదు. నేసినవారిలో, తొడిగినవారిలో పాత దేవుళ్లను కొలిచేవారూ, క్రైస్తవులూ, తరువాతి కాలంలో ముస్లిములూ ఉన్నారు. అందుకే ఇప్పుడు చాలా మ్యూజియాలు రోమన్ యుగాంతపు ఈజిప్టు నేతలు అని జాగ్రత్తగా రాస్తున్నాయి. ద్రాక్షతీగలూ, గ్రీకుల మద్యదేవుడు డయోనైసస్ పరివారమూ, నైలు నదిలో చేపలు పట్టే పిల్లలూ ఆనాటి సంపన్న గృహాల గోడల మీదా నేల మీదా ఉన్న అలంకారాలే. బాప్తిస్మం పొందిన కుటుంబం తన తెరలను మార్చేయాలని నియమం ఏదీ లేదు. స్విట్జర్లాండ్ రిగ్గిస్‌బర్గ్‌లోని అబెగ్ సంస్థలో ఉన్న 4వ శతాబ్దపు డయోనైసస్ తెర పొడవు దాదాపు 7 మీటర్లు. అది చూస్తే ఈ నేత అంగీలకే పరిమితం కాదనీ, గది గోడను నింపే చిత్రంగా పనిచేసిందనీ తెలుస్తుంది.

బైబిలు బొమ్మల బట్టలూ ఉన్నాయి, వాటి మీద విమర్శా ఉంది. క్రీ.శ. 400 ప్రాంతంలో ఆసియా మైనర్‌లోని అమాసియా బిషప్పు ఆస్టీరియస్, భక్తులమనుకునే ధనికులు సువార్త కథలను అంగీల మీద వేయించుకుని నడిచే గోడల్లా తిరుగుతున్నారని ఎత్తిపొడిచి, ఆ బట్టలు అమ్మేసి పేదలను ఆదుకోమన్నాడు. ఈజిప్టులో ఇష్టమైన కథ యోసేపుది. సుమారు 7 నుంచి 9 శతాబ్దాల ఎర్రని నేల బిళ్లల మధ్యలో యోసేపు నిద్రలో సూర్యచంద్ర నక్షత్రాలను కలగంటాడు. చుట్టూ తండ్రి పంపడం, అన్నలు గుంటలోకి దించడం, వ్యాపారులకు అమ్మడం, పోతీఫరు ఇల్లు చేరడం వరసగా తిరుగుతాయి. ఇవి పట్టుబట్ట నమూనాలను చూసి ఉన్నితో నేసినవని పండితుల అభిప్రాయం. జంట బిళ్లల కోసం నమూనాను తిరగేసి వాడడం వల్ల కొన్నింటిలో కథ ఎదురు దిశలో నడుస్తుంది. నకలుకు నకలు తీసేకొద్దీ మనుషులు కళ్లూ చేతులుగా విడిపోతారు, కథ ముందే తెలియకపోతే పోల్చుకోలేం. దానికి భిన్నంగా, అమెరికాలోని క్లీవ్‌లాండ్ మ్యూజియంలో ఉన్న 6వ శతాబ్దపు మరియమ్మ తెర సుమారు 178 సెంటీమీటర్ల ఎత్తున అంతా ఉన్నితో నేసినది. తల్లి ఒడిలో బిడ్డ, ఇరువైపులా మిఖాయేలు, గబ్రియేలు, పైన మహిమలో క్రీస్తు. బుగ్గల మీద నీడలు కూడా రంగు మార్చి మార్చి నేసి తెచ్చారు. చేతకాని కళ అన్నవారికి నేను మొదట చూపించేది దీన్నే.

రంగుల గురించి మీరు అడగలేదు కానీ, మన పాఠకులకు నిజమైన బంధుత్వం అక్కడ ఉంది కనుక చెబుతాను. లినెన్‌కు రంగు సరిగా పట్టదు, ఉన్నికి బాగా పడుతుంది. అందుకే నేల తెల్లగానూ బొమ్మ రంగులోనూ ఉంటాయి. ఎరుపు మంజిష్ఠ జాతి వేరు నుంచి, పటిక కట్టుతో. మచిలీపట్నం కలంకారీవారు వాడిన చిరివేరులోనూ ఎరుపునిచ్చేది అదే అలిజరిన్ అనే రంగు పదార్థం. నీలం నీలిమందు జాతి రంగు. ఈ రెండూ ఒకదాని మీద ఒకటి అద్దితే ఊదా వస్తుంది. కోప్టిక్ నేతల్లో రాజఠీవిగా కనిపించే ఊదాలో అత్యధిక భాగం సముద్రపు నత్త నుంచి తీసిన అసలు రంగు కాదు, ఈ చవక జోడీయే. రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ 301లో ప్రకటించిన ధరల శాసనంలో ఊదా పట్టు పౌను 1,50,000 దెనారీలు ఉందంటే నకలుకు గిరాకీ ఎందుకుందో అర్థమవుతుంది. ఈజిప్టులో దొరికి ఇప్పుడు లైడెన్, స్టాక్‌హోమ్ నగరాల్లో ఉన్న పాపిరస్ ప్రతుల్లో ఊదాను అనుకరించే అద్దకం పద్ధతులు కూడా రాసి ఉన్నాయి. బ్రిటిష్ మ్యూజియంలో ఆంటినోయ్ నుంచి వచ్చిన ఒక చిన్నపిల్లల ఎడమకాలి మేజోడు ఉంది, సుమారు క్రీ.శ. 300 నాటిది. చెప్పుల పట్టీ దూరేందుకు బొటనవేలికి విడి గది ఉంటుంది. దాని చారల్లోని ఏడు ఛాయలూ మూడే మూడు మొక్కల రంగుల నుంచి వచ్చాయని 2018లో ప్రచురించిన పరీక్షలు చూపాయి.

ఈజిప్టు నూలును ఎస్ అక్షరం వాలుగా వడికేవారు, మన పత్తి నూలు జెడ్ వాలుగా ఉండేది. ఎర్ర సముద్రపు రేవు బెరెనికేలో 4, 5 శతాబ్దాల చెత్తకుప్పల నుంచి జెడ్ నూలు పత్తిబట్టలు, మైనం వంటి అడ్డు పెట్టి నీలం అద్దినవి సహా, బయటపడినప్పుడు అవి భారతదేశపువని గుర్తుపట్టడానికి తోడ్పడిన వాటిలో ఈ మెలి ఒకటి. అంతకు ముందే, 1వ శతాబ్దపు గ్రీకు నావికుల గ్రంథం పెరిప్లస్, మసాలియా అనే తీరంలో సన్నని బట్ట విస్తారంగా తయారవుతుందని చెప్పింది. ఆ మసాలియా మన మచిలీపట్నం ప్రాంతమే. 7వ శతాబ్దం తరువాతి ఈజిప్టు ఉన్నిలో లక్క ఎరుపు కూడా కనిపిస్తుంది, అదీ తూర్పు నుంచి వెళ్లిన సరుకే. అంతమాత్రాన కోప్టిక్ నేతకు మన నేత తల్లి అని కొందరు రాస్తున్నట్టు రాయకండి. సరుకు ప్రయాణించింది, టాపెస్ట్రీ పని మాత్రం ఈజిప్టుదే.

ఇక వేలం ముక్క. కొనవద్దనే నా సలహా. ఈజిప్టు 1983లో చేసిన 117వ చట్టం పురావస్తువుల వ్యాపారాన్నే నిషేధించింది. అంతకు ముందే చట్టబద్ధంగా దేశం దాటిందని చూపే కాగితం లేని ముక్క ఎంత అందమైనదైనా దొంగసొత్తు అనుమానంలోనే ఉంటుంది. మీరు పంపిన వివరంలో పాత ఐరోపా సేకరణ అన్న ఒక్క మాట తప్ప యజమాని పేరు గానీ సంవత్సరం గానీ లేవు. ఫోటోలో నాకు కనిపించినంత వరకు నాలుగు అంచులూ కత్తెరతో నిటారుగా కోసి ఉన్నాయి, లినెన్ నేల ఒక్క వేలెడు కూడా మిగలలేదు, ముక్కను మరో బట్ట మీద జిగురుతో అతికించి అద్దం పెట్టారు. అసలుదే కావచ్చు కూడా. కానీ వెనుక వైపు చూడనిదే పడుగు కట్టలూ, వదిలేసిన పోగులూ ఉన్నాయో లేదో చెప్పలేం. అమ్మేవారిని వెనుక వైపు ఫోటో ఒక్కటి అడిగి చూడండి, అద్దం విప్పడం కుదరదని జవాబు వస్తే అక్కడితో వదిలేయండి.

ఆ డబ్బుతో మళ్లీ పారిస్ వెళ్లే వీలుంటే లూవ్ర్‌లో సబీనా శాలువా ముందు కాసేపు నిలబడండి. అదీ ఆంటినోయ్‌దే. గ్రీకు దేవుడు అపోలో నుంచి పారిపోతున్న వనకన్య డాఫ్నీ ఎలాగూ మీ కంట పడుతుంది. ఆ దృశ్యం ఉన్న చతురస్రం అంచు దగ్గర రంగు ఉన్ని ఆగిపోయి నేల నేత మొదలయ్యే వరసను కూడా వెతకండి.